బయోడేటాలో ఒక గడి

రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ఇంటర్వ్యూల రోజులొస్తే ఇరవయ్యేళ్ల పిల్లలంతా బయోడేటాలో ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అన్న గడి నింపాలి. సీనియర్ల దగ్గర దించుకున్న వాక్యమే చాలామంది గడిలో కనిపిస్తుంది. అమెరికా చదువుకి దరఖాస్తు పెట్టేవాళ్లకైతే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ కావాలి. డబ్బు తీసుకుని దాన్ని రాసిపెట్టే కన్సల్టెన్సీలున్నాయి. జీవితోద్దేశం కూడా కిరాయికి దొరికే కాలం వచ్చిందని పెద్దలు నొచ్చుకుంటారు. నాకు మాత్రం పిల్లల్ని తప్పుపట్టబుద్ధి కాదు. వేళ కాని వేళ అడిగిన ప్రశ్నకి వచ్చేది అలాంటి జవాబే. ఎందుకోసం బతుకుతున్నామో మాటల్లో పెట్టగలగడం ఏళ్ల తరబడి ఒక పనిలో మునిగాక గానీ చేతకాదు. ఇందుకు సాక్ష్యం మన ప్రాంతంలోనే ఉంది.

గిడుగు రామమూర్తి పంతులు 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి చేరారు. అప్పుడాయన చేతికి మన బయోడేటా ఇచ్చి ఉంటే ఏం రాసేవారు? ఇల్లు గడవాలని, పై పరీక్షలు ప్యాసవ్వాలని రాసేవారేమో. తర్వాత ఆయన జీవితోద్దేశమైన వ్యావహారిక భాష ఊసు అందులో ఉండేది కాదు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవర గిరిజనులున్నారు. వాళ్ల భాషకి అప్పటికి లిపి లేదు, వాచకం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరుగుతూ మలేరియా తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. పలుకుల తీరు పట్టుకోవాల్సిన మనిషికే చెవుడు! అయినా సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే అది బడులకే ఇమ్మన్నారు.

1907 ప్రాంతంలో, బళ్ల తనిఖీకి వచ్చిన యేట్స్ దొరకి ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగు ఒకటీ, బడిలో నేర్పే తెలుగు ఇంకొకటీ ఎందుకని. ఆ సందేహం తన దాకా వచ్చేసరికి గిడుగుకి నలభై దాటాయి. అదే ప్రశ్న వేరే పంతుల్ని అడిగితే సంప్రదాయం అనేసి ఊరుకునేవారు. సవర పిల్లల ముందు ఏళ్లకేళ్లు కూర్చున్న మనిషి అలా ఊరుకోలేకపోయారు. తనది కాని భాషలో పాఠం వినే సవర పిల్లాడి అవస్థే, గ్రాంథికం బట్టీపట్టే తెలుగు పిల్లాడిదీ అని ఆయనకి తట్టి ఉంటుందని నా ఊహ. అక్కణ్ణుంచి వాడుక భాష కోసం పండితులతో వాదం, సభలు, 1919లో ‘తెలుగు’ పత్రిక. కొండల్లో చేసిన పనికి అర్థం అప్పుడు గానీ మాటల్లోకి రాలేదు.

గురజాడ సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. విజయనగరంలో గిడుగుకి సహాధ్యాయి, 1897 నాటి ‘కన్యాశుల్కం’ నాటకం ముందుమాటలో తన ఉద్దేశాన్ని స్పష్టంగా చెప్పుకున్నవాడు. నిజమే. కానీ నాటకం అప్పటికి అయిదేళ్ల ముందే, 1892లోనే రంగస్థలం ఎక్కింది. ఇంకా ముందే విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో 1034 లెక్కకొచ్చాయి. ఆ అంకెలూ ఆ ప్రదర్శనా అయ్యాక వచ్చిన ముందుమాట అది. పైగా గురజాడ 1909లో నాటకాన్ని దాదాపు మొత్తం తిరగరాశారు. అందులోని పాత్రలు గిరీశం, మధురవాణి ఆ ముందుమాటలోని సంస్కరణ లక్ష్యంలో ఇమడనంత ఎదిగారు. స్పష్టంగా రాసుకున్న ఉద్దేశాన్ని కూడా పని దాటిపోతుంది.

లక్ష్యం లేకపోతే కుర్రాళ్లు దారి తప్పరా అన్నది ఇంకో మాట. దారి కావాలి, కాదనను. అయితే గిడుగుని నడిపించింది తన గురించి తాను రాసుకున్న వాక్యం కాదు, ఎదురుగా కూర్చున్న పిల్లాడికి పాఠం ఎందుకు అర్థం కావడం లేదన్న చికాకు. ఇరవయ్యేళ్లవాడికి అలాంటి చికాకు ఒకటి దొరికితే చాలు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టే అభ్యంతరం వేరే ఉంది. చెన్నై, హైదరాబాదు కూలిపనులకీ, గుజరాత్ రేవుల్లో చేపలవేటకీ మన జిల్లాల నుంచి వలసపోయేవాళ్లకి ఈ కబుర్లెందుకు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గిడుగు జీతం ముప్పై రూపాయలు తక్కువే గానీ నెలనెలా వచ్చేవి. శ్రీకాకుళంలో 1997లో కథల గ్రంథాలయం ‘కథానిలయం’ తెరిచిన రచయిత కాళీపట్నం రామారావు మాస్టారి వెనకా దశాబ్దాల బడిపంతులు జీతం ఉంది. వలస బండెక్కేవాణ్ణి జీవితోద్దేశం అడగడం నాకు అన్యాయంగానే తోస్తుంది. వాడికి ముందు కావాల్సింది ఊళ్లో నిలకడైన పని.

గిడుగు తన ఉద్దేశం నెరవేరడం చూడలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఆ ఊరొదిలి రాజమండ్రి చేరారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, 1940 జనవరిలో ఆయన పోయారు. పాఠ్యపుస్తకాల్లో వాడుక తెలుగు స్థిరపడడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది. గిరిజన పిల్లలకి మాతృభాషలో చదువు చెప్పాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషల్లో పథకం మొదలుపెట్టింది 2004లో. ఆ ఎనిమిదింటిలో సవర ఒకటి.