కలుసుకోవాలని గాలికి ముహూర్తం పెట్టిందెవరు?

విమానం ఎలా లేస్తుందని ఏ ఇంటర్మీడియట్ విద్యార్థినైనా అడగండి. తడుముకోకుండా ఒకే జవాబు వస్తుంది. రెక్క పైభాగం ఉబ్బెత్తు, కిందిభాగం చదును. ముందు అంచు దగ్గర రెండుగా చీలిన గాలి వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలి. పైదారి పొడవు కాబట్టి పైగాలి వేగంగా పరుగెత్తాలి. వేగం పెరిగితే బెర్నౌలీ సూత్రం ప్రకారం పీడనం తగ్గుతుంది, రెక్క పైకి లేస్తుంది. గైడ్లలో ఇదే, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇదే, సైన్సు ప్రదర్శనల అట్టల మీద ఇదే. ఇంతమంది నమ్మిన ఈ వివరణ తప్పు. ఎక్కడో ఒక అంకె తప్పడం కాదు, పునాదిలోనే తప్పు. ఒక్కో మెట్టూ పరీక్షిద్దాం. తీర్పు మీరు చెప్పండి.

మొదటి ప్రశ్న. విడిపోయిన రెండు గాలి పాయలు ఒకేసారి కలుసుకోవాలని ఏ నియమం చెప్పింది? న్యూటన్ చెప్పలేదు. బెర్నౌలీ 1738లో అచ్చయిన తన గ్రంథంలో ప్రవాహాల గురించి రాశాడు గానీ, విమానపు రెక్క ఆయన ఊహకే అందనిది. గోదావరి ఒక లంకను చుట్టి రెండు పాయలవుతుంది. దూరపు పాయలో నీరు తన జోడీని అందుకోవాలని ఉరుకులు పెడుతుందా? దాని దారిన అది నింపాదిగా వస్తుంది. నీటికి లేని మొహమాటం గాలికి ఎందుకుంటుంది? సిద్ధాంతం మొత్తం ఆనుకున్న ఈ ఒక్క వాక్యానికి ఆధారం లేదు. పొడవు దారి, ఎక్కువ వేగం అన్న లంకె అక్కడే తెగిపోతుంది.

ఆధారం లేకపోయినా నిజమై ఉండొచ్చు కదా అంటారా? కళ్లతో చూసి తేల్చిన విషయమే ఇది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు హోల్గర్ బాబిన్‌స్కీ గాలి సొరంగంలో రెక్క మీదికి పొగను ఆపి ఆపి వదిలి వీడియో తీశారు. పైనుంచి వెళ్లిన పొగ కింది పొగ కంటే ముందే వెనక అంచు దాటిపోయింది. రెండూ కలుసుకోలేదు. అంటే పైగాలి ఈ సిద్ధాంతం అడిగిన దానికంటే కూడా వేగంగా పోతోంది. నాసా వారి గ్లెన్ పరిశోధన కేంద్రం విద్యార్థుల కోసం రాసిన పాఠాల్లో ఈ వివరణను తప్పు సిద్ధాంతాల జాబితాలోనే పెట్టింది. మన గైడ్లు మాత్రం దాన్ని సరైన జవాబుల జాబితాలోంచి తీయడం లేదు.

పోనీ, ఈ సమాన సమయం వాదాన్నే ఒప్పుకుందాం. లెక్క వేద్దాం. నలుగురు కూర్చునే చిన్న సెస్నా 172 విమానం తీసుకోండి. రెక్క వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు, నిండుగా ఉన్నప్పుడు బరువు సుమారు 1,100 కిలోలు. రెక్క పైదారి కిందిదాని కంటే నూటికి 2 పాళ్లు పొడవనుకుందాం. నేల విడిచే వేళ వేగం సెకనుకు 30 మీటర్లు. సమాన సమయం నిజమైతే పైగాలి వేగం 30.6 మీటర్లు. బెర్నౌలీ సమీకరణంలో వేస్తే పీడనాల తేడా చదరపు మీటరుకు దాదాపు 22 న్యూటన్లు. రెక్క మొత్తానికి 350 న్యూటన్లు, అంటే 36 కిలోల బరువు మోసే బలం. విమానం సంగతి అటుంచండి, అది పైలట్‌ను కూడా లేపలేదు! పదో తరగతి గణితంతో కూలిపోయే సిద్ధాంతాన్ని ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టించడమేమిటి?

ఇక ప్రత్యక్ష సాక్షులను పిలుద్దాం. సంక్రాంతి గాలిపటం పలుచని కాగితం. దానికి పైదారీ కిందిదారీ ఒకటే పొడవు. మరి ఎందుకు ఎగురుతుంది? ఎగరేసేవాడు సూత్రం సరిగ్గా కట్టి, కాగితం గాలికి ఏటవాలుగా నిలిచేలా చేస్తాడు కాబట్టి. బెర్నౌలీ సూత్రం తెలియని పిల్లవాడికి గాలిపటం సూత్రం తెలుసు, అసలు రహస్యం అందులోనే ఉంది. మీ నెత్తిమీద తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ను చూడండి. దాని రెక్క వంచిన రేకు. రెండు వైపులా ఒకటే పొడవు, అయినా గాలిని కిందికి తోస్తుంది. వాయుసేన సూర్యకిరణ్ విన్యాసాల బృందంలో ఒక విమానం తలకిందులుగా ఎగురుతూ సాగడం చూసే ఉంటారు. అప్పుడు ఉబ్బెత్తు భాగం నేలవైపు ఉంటుంది. ఈ సిద్ధాంతం ప్రకారం విమానం నేలకు కొట్టుకోవాలి. ఎందుకు కొట్టుకోవడం లేదు? విన్యాసాల కోసమే తయారైన ఎన్నో విమానాల రెక్కలు పైనా కిందా ఒకే ఆకారంలో ఉంటాయి. వాటికి ఏం సమాధానం చెబుతారు?

తరగతి గదిలో చేసే కాగితం ప్రయోగం గుర్తుచేసి, అది అబద్ధమా అని అడిగేవారుంటారు. పెదవి కింద కాగితం పట్టుకుని పైన ఊదితే అది లేస్తుంది, నిజమే. ఇప్పుడు అదే కాగితాన్ని నిలువుగా వేలాడదీసి, ఒక పక్కన దాని వెంట కిందికి ఊదండి. ఊదిన వైపు గాలి వేగం ఎక్కువ. అయినా కాగితం అటు లాక్కుపోదు. కదిలే గాలిలో పీడనం తక్కువన్నదే కారణమైతే లాక్కుపోవాలి కదా? మొదటి ప్రయోగంలో కాగితం లేచింది, వంగిన కాగితాన్ని అంటుకుని గాలి కూడా వంగింది కాబట్టి. ప్రయోగం సరైనదే, దాని కింద రాసుకున్న ముగింపు తప్పు.

మరి నిజమేమిటి? రెక్క గాలిని వంచుతుంది. గాలికి కాస్త ఏటవాలుగా నిలిచిన రెక్క మీద గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని కిందికి తిరుగుతుంది. వంపుదారిలో సాగే దేన్నైనా లోపలికి లాగే బలం ఉండాలి. వడిసెలలో రాయిని తాడు లాగుతుంది. గాలికి తాడు లేదు, పీడనమే దాని తాడు. అందుకే దూరాన మామూలు వాతావరణ పీడనం ఉంటే, రెక్క పైతలం దగ్గర అంతకంటే తక్కువ ఉంటుంది. ఆ తక్కువ పీడనంలోకి ప్రవేశించే గాలి వేగం పుంజుకుంటుంది. వేగం ముందు పుట్టి పీడనం తర్వాత తగ్గిందన్న వరుసే పొరపాటు, రెండూ ఆ వంపుతో కలిసే పుడతాయి. కిందికి తిరిగి వెళ్లిన గాలికి ప్రతిచర్యగా రెక్క పైకి లేస్తుంది. జర్మనీలో కుట్టా 1902లో, రష్యాలో జుకోవ్‌స్కీ 1906లో ఈ బలాన్ని లెక్కగట్టే దారి వేశారు. ఆ లెక్కల్లో సమాన సమయం ఊసే లేదు.

ఇది విని కొందరు రెండో గట్టుకు దూకుతారు. బెర్నౌలీ అబద్ధం, న్యూటనే నిజం, కింది నుంచి గాలి రెక్కను తన్నడమే అసలు కారణం అంటారు. అదీ తప్పే. రెక్కను పైకి ఎత్తే బలంలో, అంటే లిఫ్ట్‌లో, పెద్ద వాటా పైతలం మీద పీడనం తగ్గడం వల్లే వస్తుంది. బెర్నౌలీ సూత్రం నిర్దోషి, న్యూటన్ నియమం నిర్దోషి, రెండూ ఒకే సంఘటనకు రెండు లెక్కలు. దోషమంతా వాటి మధ్య దూర్చిన సమాన సమయానిదే.

ఎలా ఎగిరితేనేం, ఎగురుతోంది కదా అనే ఉదాసీనత ఇంకా ప్రమాదం. 2009 జూన్ 1న రియో నుంచి ప్యారిస్ వెళ్తున్న ఎయిర్‌ఫ్రాన్స్ 447ను గుర్తుచేసుకోండి. వేగం కొలిచే పిటో గొట్టాలను మంచు స్ఫటికాలు మూసేశాయి. వేగం అంకెలు నమ్మరానివయ్యాయి, ఆటోపైలట్ వైదొలిగింది. విమానం ముక్కు ఎత్తి పట్టి ఉంచడంతో రెక్క గాలికి పట్టే కోణం చివరికి 35 డిగ్రీలు దాటింది. ఇంజన్లు పనిచేస్తూనే ఉన్నాయి, రెక్కలు చెక్కుచెదరలేదు, అయినా విమానం అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. లిఫ్ట్ అంతా ఉబ్బెత్తు ఆకారం చలవే అయితే, ఆకారం మారని ఆ రెక్క ఎందుకు విఫలమైంది? కోణం హద్దు మీరితే గాలి పైతలాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది. దానికే స్టాల్ అని పేరు. ముక్కు దించి కోణం తగ్గించడమే విరుగుడు. విమాన శిక్షణలో ప్రాణం నిలిపే ఈ పాఠానికి గైడు వివరణలో చోటే లేదు.

పిల్లలకు సులువుగా చెప్పాలి కదా అన్నది ఆఖరి అడ్డు. సులువు వేరు, అబద్ధం వేరు. "రెక్క గాలిని కిందికి వంచుతుంది, గాలి రెక్కను పైకి ఎత్తుతుంది" అన్నది అంతకంటే సులువు, పైగా నిజం. తప్పు పాఠం చేసే అసలు నష్టం మరొకటుంది. ఏదో ఒక తరగతిలో ఒక అమ్మాయి లేచి, "రెండు గాలులూ ఒకేసారి ఎందుకు కలవాలి సార్?" అని అడుగుతుంది. ఆ గదిలో భౌతికశాస్త్రం అర్థమైంది ఆమె ఒక్కతెకే. పుస్తకంలో అలా ఉంది, కూర్చోమని ఆమెను కూర్చోబెట్టే వాక్యాన్ని ఇంకెన్నేళ్లు అచ్చు వేద్దాం?