గింజ కొండది, విద్య ఎవరిది?

విశాఖపట్నం నుంచి అరకుకు రైలెక్కినవారు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, లోయలను చూసి ముచ్చటపడుతూ వెళతారు. ఆ పట్టాలు అక్కడికి ఎందుకు వచ్చాయని అడిగేవారు తక్కువ. యాత్రికుల కోసం వేసిన దారి కాదది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కడి నుంచి ఓడలలో జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గమది. జపానుకు చెప్పుకోదగిన ఇనుప ఖనిజం లేదు. అయినా పేరెన్నికగన్న ఉక్కు అక్కడ తయారయ్యేది. ఖనిజం మనది, తవ్విన చేతులు మనవి, ఉక్కు వారిది. ఈ రెంటి నడుమ తేడా ఏ గనిలోనూ దొరికేది కాదు. అది కొలిమి దగ్గర నిలబడి నేర్చుకున్న విద్య.

దేశం సంపన్నమయ్యే క్రమంలో జనం పొలం నుంచి కర్మాగారానికి, అక్కడి నుంచి సేవారంగానికి తరలిపోతారని సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త అంకెలతో నిరూపించాడు. ఆయనకు 1971లో నోబెల్ బహుమతి లభించింది. ఈ తరలింపునే నిర్మాణాత్మక మార్పు అంటున్నారు. మన దేశంలో పనిచేసేవారిలో సుమారు 46 శాతం మంది నేటికీ వ్యవసాయం మీదే ఉన్నారు. జాతీయాదాయంలో ఆ రంగం వాటా ఐదో వంతుకు లోపే. దాదాపు సగం మంది కూర్చున్న పంక్తికి ఐదో వంతు అన్నం కూడా అందడం లేదన్నమాట.

2018లో అదే బహుమతి అందుకున్న పాల్ రోమర్ జ్ఞానాన్ని గురించి ఒక సంగతి తేటపరచాడు. నాగలి ఒకరు వాడుతుండగా మరొకరు వాడలేరు. ఆలోచన అలా కాదు. నేను నా విద్యార్థికి అరబీ వ్యాకరణ సూత్రం ఒకటి నేర్పితే నా దగ్గర అది అణువంతైనా తరగదు. అయితే తరగని వస్తువుకు కూడా తాళం వేయవచ్చునని రోమర్ గుర్తు చేశాడు. పేటెంటుతో వేయవచ్చు, వ్యాపార రహస్యంతో వేయవచ్చు. తాళం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి అరకు కాఫీని మించిన ఉదాహరణ మన తెలుగునాట నాకు కనబడలేదు.

కాఫీ మొక్క పుట్టిల్లు ఇథియోపియా. దాన్ని సాగుచేసి పానీయంగా లోకానికి ఇచ్చింది యమన్. రాత్రి ఆరాధనలలో నిద్ర ఆపుకోవడానికి అక్కడి సూఫీలు 15వ శతాబ్దంలోనే దీన్ని తాగేవారు. ఆపైన మోఖా రేవు నుంచి ఓడలు ప్రపంచమంతటికీ కాఫీ మోశాయి. మొలకెత్తే గింజ ఒక్కటీ రేవు దాటకుండా యమన్ వర్తకులు జాగ్రత్తపడేవారని చెబుతారు. హజ్ నుంచి తిరిగి వస్తూ బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటారన్న కథ కర్ణాటకలో నేటికీ వాడుకలో ఉంది. ఆ కొండలకు ఆయన పేరే నిలిచింది. 17వ శతాబ్దం ముగిసేలోగా డచ్చి వర్తకులు మలబారు తీరం నుంచి జావాకు మొక్కలు తరలించారు. తరువాతి వందేళ్ళలో యమన్ ఏకచ్ఛత్రం కూలిపోయింది. తాళం గింజకు వేశారు. సాగు విద్య మాత్రం గింజతో పాటే నడిచిపోయింది.

తూర్పు కనుమలకు ఆ మొక్క 1898లో చేరింది. బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి పాములేరు లోయలో నాటించాడు. క్రమంగా అరకు, చింతపల్లి వైపు పాకింది. 1960వ దశకంలో అటవీ శాఖ రిజర్వు అడవుల నీడలో తోటలు వేసింది. ఆ తోటలలో గిరిజనులు కూలీలు. 1970వ దశకం నడుమ నుంచి గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, పాడేరు ఐ.టి.డి.ఎ. చొరవతో గిరిజన కుటుంబాలకే సొంత తోటలు ఏర్పడసాగాయి. నేడు ఆ కొండల మీద లక్ష ఎకరాలకు పైగానే కాఫీ ఉంది. ఒక్కో కుటుంబం చేతిలో ఉండేది చాలా చోట్ల ఎకరమో రెండెకరాలో. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకు ఎగబాకిన మిరియాల పాదులు, కింద కాఫీ.

కూలి రైతయ్యాడు. దానితో బతుకు మారిపోయిందనుకుంటే పొరబాటు. చెట్టు సొంతమైంది గాని, చెట్టు దిగిన తరువాతి విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. కాఫీ కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు ఒకేసారి ఉంటాయి. నవంబరు నుంచి మూడు నాలుగు విడతలుగా ఎర్రబడినవే ఏరాలి. అప్పు ఇచ్చిన దళారి సంతలో కాచుకుని ఉన్నప్పుడు అంత ఓపిక ఎవరికుంటుంది? కొమ్మను ఒక్క దూతతో దులిపి, పచ్చీ పండూ కలిపి, మట్టి కళ్ళంలో ఎండబోసి, దొరికిన ధరకు ఇచ్చేవారు. ఎర్రపండుకూ పచ్చికాయకూ ఒకే ధర పలికేచోట ఏరి కోసేవాడే వెర్రివాడు. కొండ ప్రజలకు నాణ్యత తెలియదని నిందించేవారు ఈ సంగతి ఆలోచించరు.

ఆ విద్య ఎంత సున్నితమైనదో మన ఇల్లాళ్ళకు త్వరగా అర్థమవుతుంది. దోసెల పిండి పులియబెట్టడం వంటిదే ఇదీ. కోసిన పండ్లను ఆనాడే యంత్రంలో వేసి తోలు వలవాలి. రాత్రంతా కుప్పగా వదిలితే వేడెక్కి చెడతాయి. వలిచిన గింజకు జిగురు అంటి ఉంటుంది. దాన్ని తొట్టిలో ఒక రోజో, చలి ముదిరితే ఇంకొంచెం సేపో ఊరనివ్వాలి. గుప్పెడు గింజలు పిసికి చూస్తే జారుడు పోయి గరగరలాడాలి. ముందే తీస్తే జిగురు పోదు. ఆలస్యమైతే పులిసిన వాసన గింజకు పట్టి, అది కప్పులో దాకా వెంట వస్తుంది. తరువాత మంచినీటితో కడిగి, నేల మీద కాక వలబల్లల మీద పలచగా ఆరబోసి, తిరగేస్తూ, రాత్రి మంచుకు కప్పుతూ, తేమ పదో వంతు దాకా దిగేవరకు కాపాడాలి. ఇంత చేస్తే సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ మిగులుతుంది. ఒక్క కుళ్ళు గింజ బస్తాలో కలిస్తే పరీక్షకు వచ్చినవాడు ఒక్క గుక్కలో పట్టేస్తాడు.

ఇబ్ను ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’ను మదరసాలలో చరిత్ర గ్రంథంగానే ఎక్కువగా తలచుకుంటారు. అందులో వృత్తుల మీద ఉన్న అధ్యాయాలను ఆర్థికశాస్త్రం చదివేవారు కూడా తిరగవేయవలసి ఉంది. ఒక పనిని పదేపదే చేయగా మనిషిలో పాతుకుపోయే నేర్పును ఆయన ‘మలకా’ అన్నాడు. అది వినడం వల్ల అబ్బదు. గురువు పక్కన ఉండి చేయడం వల్ల అబ్బుతుంది. గరగరను గుర్తుపట్టే వేళ్ళలో ఉన్నది మలకాయే. గిరాకీ ఉన్నచోట వృత్తి మెరుగుపడుతుందని, గిరాకీ పోయినచోట వృత్తి అంతరిస్తుందని కూడా ఆయన వివరించాడు.

ఈ రెండో మాట తెలుగు ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. దూదేకుల సోదరుల విల్లు మోత ఒకప్పుడు ఏ ఊరి వీధిలోనైనా వినిపించేది. దూదిని పువ్వులా విప్పి పరుపు కుట్టడం తరతరాల మలకా. యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాయి. వారి నేర్పు తగ్గలేదు, విల్లు విరగలేదు. అంగడి పక్కకు జరిగిపోయింది. పత్తి మిల్లులో గాని, పరుపుల కంపెనీలో గాని వారికి వాటా లేకపోవడం వల్ల మార్పు వారి మీదుగా నడిచిపోయింది. చేతిలో నేర్పు ఒక్కటే ఉండి, పై మెట్ల మీద ఏ హక్కూ లేనివారికి నిర్మాణాత్మక మార్పు ఇలాగే ఎదురవుతుంది.

అరకులో మార్పు వేరే దారి పట్టింది. హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్ ఈ శతాబ్దం మొదట్లో అక్కడ పని ప్రారంభించింది. 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం నమోదయింది. ఏరి కోసిన ఎర్రపండుకు వేరే ధర, ఒకేచోట శుద్ధి, ప్రతి రైతు పంటనూ విడిగా రుచి చూసి అంకె వేయడం అలవాటయ్యాయి. నూరుకు ఎనభై దాటితే అది మేలురకం కాఫీ. 2017లో ప్యారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2018లో అక్కడి పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. అదే సంవత్సరం అదే గుర్తింపు బాబా బుడన్‌గిరి అరబికాకు కూడా దక్కింది. యమన్ గింజకు పుట్టిన ఇద్దరు వారసులు ఒకే ఏడు పట్టాలు అందుకున్నట్లయింది.

పత్రికలు ప్యారిస్ దుకాణాన్ని గురించి రాసినంతగా 1/70 చట్టాన్ని గురించి రాయవు. నా దృష్టిలో ఈ కథకు పునాది అదే. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీ ప్రాంతపు భూమి గిరిజనేతరుల పేర మారకుండా కట్టుదిట్టం చేశారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు గనుల లీజులు కూడా ఆ పరిధిలోకే వస్తాయని తీర్పు చెప్పింది. ఈ కొండలలో బాక్సైటు ఉంది. తవ్వి ఉంటే రాబడి కొన్నేళ్ళు ఉండేది, గుట్ట ఉండేది కాదు. ఇక భూమి చేజారి ఉంటే, ఎర్రపండు ఏరే విద్య కూలికి నేర్పినా దాని ఫలం యజమాని పెట్టెలోకే చేరేది. విద్య ముందా, హక్కు ముందా అని వాదించేవారికి నేను చెప్పగలిగేది, అరకులో హక్కు ముందుంది కాబట్టే విద్య ఇంట్లోకి వచ్చిందని.

అయినా నిచ్చెన పైమెట్లు ఇంకా కొండకు దూరంగానే ఉన్నాయి. గింజను వేయించడం, రుచి తూచడం, పొట్లం మీద పేరు వేయడం ఎక్కువగా పట్టణాలలో జరిగే పనులు. కప్పు ధరలో పెద్ద వాటా ఆ మెట్ల దగ్గరే ఆగుతుంది. అరబికా అంతర్జాతీయ ధర న్యూయార్క్ విపణిలో తేలుతుంది. బ్రెజిల్‌లో వానలు తప్పితే పాడేరులో ధర పెరుగుతుంది, అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ పడిపోతుంది. తన గింజకు ఎన్ని మార్కులు వస్తాయో తానే చప్పరించి చెప్పగల బగత, కొండదొర, కోటియ యువతీయువకులు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటే బేరం తీరే మారుతుంది. రుచి చూడడం పుట్టుకతో వచ్చే వరం కాదు, అదీ మలకాయే. చింతపల్లి ప్రాంతంలోని ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా ఉంది. చీడపీడల గురించి చెప్పే చోటనే కప్పు ముందు కూర్చోబెట్టి నేర్పడం కష్టమైన పనేమీ కాదు.

మరో చిన్న సంగతి. భౌగోళిక గుర్తింపు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత పద్ధతిలో పండించే వారందరికీ ఆ పేరు వాడుకునే అర్హత ఉంది. అయితే 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి. పండించే భూమి వివరాలతో దరఖాస్తు నింపాలి. ఎకరం తోట ఉన్న రైతుకు ఆ కాగితం తెలుగులో చదివి వినిపించి, నింపి పెట్టగల చదువుకున్న మనిషి సంత రోజున ఒక బల్ల వేసుకుని కూర్చుంటే చాలు.