మధ్యవర్తి లేని మాట

2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి తొమ్మిది గంటలు దాటిన కొద్దిసేపటికి మన దేశంలో కోట్లాది మంది చేతుల్లోని వాట్సాప్ మూగబోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా దానితోపాటే నిలిచిపోయాయి. తుఫాను రాలేదు, యుద్ధమూ రాలేదు. ఆ సంస్థ ఇంజనీర్లు తనిఖీ సందర్భంలో ఇచ్చిన ఒక ఆజ్ఞ, పొరపాటున, దాని కేంద్రాలను కలిపే మార్గాలన్నింటినీ తెంచివేసింది. వాటిని తిరిగి కలపడానికి సుమారు ఆరు గంటలు పట్టింది.

ఆ ఆరు గంటలూ మన ఫోన్లు బాగానే ఉన్నాయి. అయినప్పటికీ ఎదురెదురు ఇళ్ళలో ఉన్న ఇద్దరు మిత్రులు వాట్సాప్‌లో "భోజనమైందా?" అని పలకరించుకోలేకపోయారు. ఆ పలకరింపు నేరుగా ఎదురింటికి పోదు. ఎక్కడో ఉన్న సర్వరు అనే పెద్ద కంప్యూటరు దాకా పోయి, అక్కడినుంచి వీధి దాటి రావాలి. ఆ మధ్యవర్తి పడిపోతే అందరి మాటా పడిపోయినట్లే.

మధ్యవర్తి ప్రమేయం లేకుండా కంప్యూటర్లు సాటివారివలె మాట్లాడుకునే పద్ధతికి పీర్-టు-పీర్ అని పేరు. ఇది కొత్త ఆలోచన కాదు. 1999లో వెలువడిన నాప్‌స్టర్‌లో పాటలు సభ్యుల కంప్యూటర్ల మధ్య నేరుగానే ప్రయాణించేవి. కాని ఏ పాట ఎవరివద్ద ఉన్నదో తెలిపే జాబితా మాత్రం సంస్థ సర్వరులోనే ఉండేది. కాపీరైటు వ్యాజ్యం ఫలితంగా 2001లో ఆ సర్వరు మూతపడగానే మొత్తం వ్యవస్థ ఆగిపోయింది. ఆ వ్యాజ్యంలోని న్యాయాన్యాయాలు ఎట్లా ఉన్నా, జాబితా ఒకేచోట ఉంటే మధ్యవర్తి ఉన్నట్లేనని లోకానికి తెలిసివచ్చింది.

మరి మధ్యవర్తిని పూర్తిగా తొలగించడం ఎందుకంత కష్టం? మొదటి చిక్కు చిరునామాది. ఇంటర్నెట్ తొలి చిరునామాల పద్ధతిలో సుమారు 430 కోట్ల అంకెలకే చోటున్నది. అవి చాలక, ఒక ఇంటిలోని పరికరాలన్నీ బయటికి ఒకే చిరునామాతో కనిపించే ఏర్పాటు చేశారు. ఆ తలుపు లోపలినుంచి తెరుచుకుంటుంది కాని, బయటినుంచి వచ్చినవారికి తెరుచుకోదు. రెండవ చిక్కు గుర్తింపుది. అవతలివాడు తాను చెప్పుకున్నవాడేనా? మూడవది అన్వేషణ. జాబితాయే లేనప్పుడు లక్షల మందిలో ఒకరిని వెతకడం ఎట్లా?

పీర్-టు-పీర్ ప్రోగ్రాము రాయదలచిన ప్రతివారూ ఈ చిక్కులన్నింటినీ మొదటినుంచి విప్పుకోవలసివచ్చేది. జువాన్ బెనెట్ 2014లో స్థాపించిన ప్రోటోకాల్ ల్యాబ్స్ సంస్థకూ, అది చేపట్టిన ఐ.పి.ఎఫ్.ఎస్. అనే పథకానికీ ఇదే అనుభవం ఎదురైంది. అప్పుడు వారు కష్టపడి తయారు చేసుకున్న భాగాలను విడదీసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేందుకు వీలుగా ఒక లైబ్రరీగా కూర్చారు. దాని పేరు లిబ్‌పీటూపీ.

దీని ప్రత్యేకత విడిభాగాల కూర్పు. బండి చక్రం విరిగితే చక్రాన్ని మార్చుకుంటాం కాని బండిని పారవేయము కదా! అట్లాగే సమాచారాన్ని మోసేది ఒక భాగం, రహస్యంగా ఉంచేది మరొకటి, తోటివారిని వెతికేది ఇంకొకటి. కావలసినది తగిలించుకోవచ్చు, పాతబడినది తీసివేయవచ్చు.

గుర్తింపు సంగతి చూడండి. ఇక్కడ ప్రతి కంప్యూటరుకూ ఒక రహస్యపు తాళంచెవి, దానికి జతగా అందరికీ చూపదగిన మరొక చెవి ఉంటాయి. పేరు ఆ రెండవ దానినుంచే పుడుతుంది. కంప్యూటరు ఏ ఊరికి పోయినా, చిరునామా ఎన్నిసార్లు మారినా పేరు మారదు. రహస్యపు చెవి చేత లేనివాడు ఆ పేరు చెప్పుకోలేడు.

అన్వేషణకు ఆధారం 2002లో మేముంకోవ్, మజియేర్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన కడెమ్లియా పద్ధతి. ఇందులో ప్రతి సభ్యుడికీ కొద్దిమందే తెలుసు. అడిగినవారిని తనకన్నా గమ్యానికి దగ్గరగా ఉన్నవారివద్దకు పంపుతాడు. అడుగడుగునా దూరం సగానికి తగ్గుతుంది కనుక, పది లక్షల మందిలోనైనా సుమారు 20 అడుగుల్లో కావలసినవాడు దొరుకుతాడు. ఇక మూసిన తలుపుల మాట. ఇరుపక్షాలవారూ ముందుగా మూడవవాడి ద్వారా కబురంపుకొని, ఒకే క్షణంలో లోపలినుంచి తలుపులు తోస్తారు. చాలాసార్లు దారి ఏర్పడుతుంది. ఏర్పడనప్పుడు ఆ మూడవవాడే మాటను మోయాలి. మధ్యవర్తి అవసరం సమూలంగా పోలేదన్నమాట. అయితే ఆ పని ఎవరైనా చేయవచ్చు, ఒక్కరి గుత్తసొత్తు కాదు.

దీని ప్రయోజనం కాగితాలకే పరిమితం కాలేదు. 2017 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం వికీపీడియాను నిషేధించినప్పుడు, తుర్కీ భాషా సంచిక ప్రతిని ఐ.పి.ఎఫ్.ఎస్.లో ఉంచారు. నిషేధం 2020 జనవరి దాకా సాగింది. 2020 డిసెంబరులో ఆరంభమైన ఎథీరియమ్ కొత్త వ్యవస్థలోని కంప్యూటర్లు కూడా ఈ లైబ్రరీ సహాయంతోనే మాట్లాడుకుంటాయి.

అయితే ఈ స్వేచ్ఛ ఊరికే రాదు. నేరుగా మాట్లాడుకునేవారికి ఒకరి చిరునామా ఒకరికి తెలుస్తుంది. ఒక గ్రంథపు ప్రతిని ఎవరూ దాచుకోకపోతే అది నిశ్శబ్దంగా మాయమవుతుంది. హాని చేసే సమాచారం వ్యాపిస్తే ఫిర్యాదు చేయడానికి ఒక కార్యాలయమంటూ ఉండదు. సంస్థ మోసిన బాధ్యతను ఇక సభ్యులే పంచుకోవాలి.

అది పంచుకోవడానికి మనలో ఎందరు సిద్ధంగా ఉన్నారో చెప్పడం కష్టం. సౌకర్యం కోసం మధ్యవర్తినే ఆశ్రయించేవారు ఎప్పుడూ ఎక్కువే. కాని మరొక దారి ఉన్నదని తెలిసి ఆశ్రయించడం వేరు, గత్యంతరం లేక ఆశ్రయించడం వేరు. ఎదురింటి మిత్రుడిని పలకరించడానికి దూరదేశపు యంత్రం క్షేమంగా ఉండాలనడం ప్రకృతి నియమం కాదు. అది మనుషులు చేసుకున్న ఏర్పాటు, మనుషులు మార్చుకోగలిగిన ఏర్పాటు.