డాక్టరు పట్టా ఉన్నా... టీచరుగా ఓడెక్కారు!

అమెరికా ప్రయాణమంటే తెలుగిళ్లలో ఎంత హడావుడో చెప్పక్కర్లేదు. వీసా, ఇంగ్లిషు పరీక్ష, సూట్‌కేసు బరువు, దాంట్లో సర్దిన ఆవకాయ... ఇదంతా మనకు అలవాటైన సంగతే. మరి నూట నలభై ఏళ్ల కిందట అమెరికా నుంచి గుంటూరు రావాలంటే? అదీ చుట్టపుచూపుగా కాదు, మత ప్రచారకురాలిగా ఏళ్ల తరబడి ఉండిపోవడానికి! ఆ ప్రయాణానికి సన్నాహం ఎలా ఉంటుందో అన్నా సారా కుగ్లర్ జీవితం చెబుతుంది.

అన్నా 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఆడవాళ్లు డాక్టర్లవడమే వింతగా చూసే ఆ కాలంలో, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా తీసుకున్నారు. నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉద్యోగమూ వచ్చింది. జీవితం ఓ దారిన పడిందనుకునే సమయంలో, 1882లో ఓ ఉత్తరం అందింది. రాసింది గుంటూరులో పనిచేస్తున్న లూథరన్ మిషనరీ ఆడమ్ రో. ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసే దిక్కులేదన్నది అందులోని సారాంశం. ఘోషా పాటించే ఇళ్లలో ఆడవాళ్లకు ఎంత జబ్బు చేసినా మగ డాక్టరు గడప దాటి లోపలికి రాకూడదు మరి!

'నేను వెళ్తాను' అంటూ అన్నా తమ చర్చి మహిళా సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడే చిక్కొచ్చింది. విదేశంలో వైద్యసేవ మొదలుపెట్టడానికి సంఘం సిద్ధంగా లేదు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పే టీచరుగా అయితే పంపిస్తామంది. చేతిలో డాక్టరు పట్టా ఉన్న మనిషి ఏమనాలి? వైద్యం కుదరనప్పుడు ఉన్న ఉద్యోగమే నయమని ఆగిపోవచ్చు. లేదా, ముందు అక్కడికి చేరితే దారి అదే దొరుకుతుందని బయల్దేరొచ్చు. ఆమె రెండోదాన్నే ఎంచుకున్నారు. 1883 ఆగస్టు 25న ఓడెక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు. విచిత్రమేంటంటే, అదే ఏడాది మరాఠీ యువతి ఆనందీబాయి జోషీ డాక్టరు చదువు కోసం మనదేశం నుంచి వెళ్లి చేరింది కూడా అన్నా చదివిన కళాశాలలోనే!

అసలు గుంటూరు మిషన్‌కు ఇలాంటి సన్నాహాలు కొత్తకాదు. 1842లో దాన్ని ప్రారంభించిన ఫాదర్ హేయర్‌కు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. ఇక్కడికి బయల్దేరే ముందు ఆయన బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం నేర్చుకున్నారు. మతం చెప్పడానికి వెళ్లే మనిషికి వైద్యమెందుకని అనిపించొచ్చు. పరాయి ఊళ్లో తలుపులు తెరిపించేది ఉపన్యాసం కాదు, ఉపకారమని ఆ తరం వాళ్లకు తెలుసు. ఇక అన్నిటికంటే ముందు కావాల్సింది భాష. పాఠం చెప్పాలన్నా, నొప్పి ఎక్కడని అడగాలన్నా తెలుగు రావాల్సిందే.

గుంటూరు చేరాక కూడా తలుపులు వెంటనే తెరుచుకోలేదు. అన్యమతస్థురాలు తాకితే మైలని భావించే ఇళ్లు అప్పట్లో చాలానే ఉండేవి. ఓవైపు పాఠాలు చెబుతూనే, పిలిచిన ఇంటికల్లా వెళ్లి వైద్యం చేశారు అన్నా. అవసరమేంటో పనిలో కనిపించాక మహిళా సంఘమూ మెత్తబడింది. 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా గుర్తించింది. ఆ తర్వాత విరాళాలు పోగవ్వాలి, స్థలం దొరకాలి, గోడలు లేవాలి. 1893లో చిన్న వైద్యశాల మొదలైంది. 1898 జూన్‌లో యాభై పడకల ఆస్పత్రి తలుపులు తెరుచుకున్నాయి. అంటే, ఓడ ప్రయాణానికి పట్టింది మూడు నెలలు... తాను చేయాలనుకున్న పనికి సొంత చూరు అమరడానికి పట్టింది పదిహేనేళ్లు!

తాను వచ్చింది క్రైస్తవాన్ని చెప్పడానికేనన్న సంగతి అన్నా ఎప్పుడూ దాచలేదు. మందు కోసం వచ్చినవాళ్లలో అందరూ మతం కోసం రాలేదన్నదీ అంతే నిజం. తన భార్యకు వైద్యం చేసినందుకు కృతజ్ఞతగా ఆస్పత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించిన ఏలూరు రాజా హిందువే. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

చిన్న వయసులోనే ఇల్లు వదిలి వచ్చిన ఆ డాక్టరమ్మ 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. అప్పటికి ఆమె ఈ దేశంలో అడుగుపెట్టి సుమారు నలభై ఏడేళ్లు. పుట్టిన ఊళ్లో గడిపినదానికన్నా చాలా ఎక్కువకాలం! టీచరుగా అయితేనే పంపుతామన్న షరతుతో వచ్చిన ఆమె పేరునే ఆ ఆస్పత్రికి పెట్టారు. గుంటూరు జిల్లాలో ఎన్నో కుటుంబాలు తమ పిల్లలు 'కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టారు' అని చెప్పుకున్నాయి.