ఊడ్చడానికి గది తాళం చాలు, బీరువా తాళం ఎందుకు?

పోస్టు పొడుగైంది. చాయ్ పెట్టుకుని చదవండి, కానీ సమావేశానికి ముందే చదవండి.

వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో చివర ఒక చిన్న తీర్మానం ఉంది. సాంకేతిక బృందంలో ఉన్నవాళ్లందరినీ మన సర్వర్‌లో డాకర్ గ్రూపులో చేర్చాలట, బిల్డులన్నీ ఆ సర్వర్ మీదే చేయాలట. ఒక్క వాక్యం. చాలామంది 'ఏదో కంప్యూటర్ సంగతి' అని చేయి ఎత్తేస్తారు. నేను ఎత్తను. మీరూ ఎత్తొద్దని అడగడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా, ఆ సర్వర్‌లో ఏముందో గుర్తు చేసుకుందాం. మన వధూవరుల పరిచయ వేదికకు ఇచ్చిన ఆడపిల్లల ఫోటోలు, జాతకాలు, ఫోన్ నంబర్లు. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టిన పిల్లల బ్యాంకు ఖాతాలు, ఆదాయ ధ్రువపత్రాలు. మనల్ని నమ్మి ఇచ్చినవి ఇవన్నీ.

ఇప్పుడు డాకర్ సంగతి. వెబ్‌సైటు నడవడానికి కావలసిన సరంజామా అంతా, అంటే కోడు, లైబ్రరీలు, తెలుగు ఫాంట్లు, అన్నీ కలిపి ఒక మూట కడతాం. ఆ మూటే ఇమేజ్. దాన్ని విప్పి నడిపితే కంటైనర్. 2013లో వచ్చిన డాకర్ ఈ మూట కట్టే పనిని అందరికీ తేలిక చేసింది. అందుకు దానికి దండం పెడతాను. కానీ మామూలుగా పెట్టుకున్న డాకర్‌లో మూట కట్టేది మనం కాదు. వెనకాల రూట్ అధికారంతో ఎప్పుడూ నడుస్తుండే డీమన్ అనే ప్రోగ్రాం కడుతుంది. మనం ఒక సాకెట్ ద్వారా దానికి హుకుం చెబుతాం, అంతే.

డాకర్ గ్రూపులో ఉన్న ఎవరైనా ఆ డీమన్‌తో 'ఈ సర్వర్ డిస్కు మొత్తం నా కంటైనర్‌కు తగిలించు' అనవచ్చు. అది ఎందుకని అడగదు, తగిలిస్తుంది. అంటే ఆ గ్రూపులో చేర్చడమంటే రూట్ పాస్‌వర్డు చేతికి ఇచ్చినట్టే. ఇది నా భయం కాదు, డాకర్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది.

'మన పిల్లల్నే అనుమానిస్తావా అన్నా?' అని ఇప్పటికే ఒక తమ్ముడు అడిగాడు. లేదు నాయనా. మన కల్యాణ మండపం ఊడ్చేవాళ్లకు గది తాళం ఇస్తాం. బీరువా తాళం ఇవ్వం. నమ్మకం లేక కాదు, ఆ పనికి అది అవసరం లేక. మీరు మంచివాళ్లే. మీ ల్యాప్‌టాప్ బస్సులో పోతే, అది దొరికినవాడు కూడా మంచివాడే కావాలని లేదు కదా.

ఇంకో మాట ఒప్పుకోవాలి. కిందటేడు స్కాలర్‌షిప్ దరఖాస్తుల ఆఖరి రోజున వెబ్‌సైటు పడిపోయింది కదా, ఆ తప్పు నాది. ఒక బిల్డు మధ్యలో ఇరుక్కుపోతే, సరిచేద్దామని డీమన్‌ను రీస్టార్ట్ చేశాను. డీమన్ ఆగితే దాని కింద నడిచే కంటైనర్లూ ఆగుతాయి. ఆగకుండా ఉండాలంటే లైవ్ రిస్టోర్ అనే సెట్టింగు ముందే పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. బీడీలు చుట్టే ఒక తల్లి ఆ సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌లో రెండు గంటలు కూర్చుని వెనక్కి పోయిందని తర్వాత తెలిసింది. గడువు పొడిగించాం, నిజమే. కానీ ఆమెకు ఆ రోజు కూలీ పోయింది. మూట కట్టే పని, దుకాణం నడిపే పని ఒకే మనిషి నెత్తిన పెడితే జరిగేది ఇదే.

మరి దారి లేదా? ఉంది. ఇమేజ్ ఎలా ఉండాలన్నది ఇప్పుడు ఒక్క కంపెనీ సొత్తు కాదు. 2015లో ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ ఏర్పడింది, 2017లో ఇమేజ్ ప్రమాణం మొదటి వెర్షన్ వచ్చింది. ఆ ప్రమాణం ప్రకారం ఎవరు కట్టినా మూట మూటే. బిల్డా అనే పనిముట్టు మన పాత డాకర్‌ఫైల్‌నే చదివి, డీమన్ లేకుండా ఇమేజ్ కడుతుంది. పిలిచినప్పుడు వస్తుంది, పని ముగించి పోతుంది. యూజర్ నేమ్‌స్పేస్ సాయంతో లోపల రూట్‌లా కనిపిస్తుంది గానీ, బయట సర్వర్ దృష్టిలో మామూలు యూజరే. ఒక్కసారి అడ్మిన్ ఆ యూజర్‌కు అనుబంధ ఐడీల వరస కేటాయిస్తే చాలు.

'కనికో వాడదాం' అని కొందరు అంటున్నారు. 2018లో గూగుల్ తెచ్చిన మంచి పనిముట్టే, కానీ 2025లో గూగుల్ ఆ ప్రాజెక్టును మూసి ఆర్కైవ్‌లో పెట్టేసింది. కొత్తగా ఇప్పుడు దాని మీద ఇల్లు కట్టడం ఎందుకు? 'డాకర్‌కే రూట్‌లెస్ పద్ధతి ఉంది కదా' అన్నవాళ్ల మాట న్యాయమైనది. 2020 చివర వచ్చిన 20.10 నుంచి అది ప్రయోగదశ దాటింది. దాన్ని తెస్తామంటే నేను అడ్డుపడను. నా గొడవ రూట్ డీమన్‌తో. ఆ తీర్మానం అడుగుతున్నది దాన్నే.

ఇక రెండో వాదన: 'బయట ఎక్కడో తాత్కాలిక మెషీన్‌లో బిల్డు చేస్తే క్యాష్ ఉండదు, ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాలి.' (కోశాధికారి గారూ, ఇది మీ క్యాష్ కాదు, కంగారు పడకండి. ఒకసారి చేసిన పనిని దాచుకుని మళ్లీ వాడుకోవడం.) విచిత్రం ఏమిటంటే, ఈ వాదన చేస్తున్నవాళ్లే ఇవాళ ప్రతి బిల్డునూ నో-క్యాష్ ఆప్షన్‌తో నడుపుతున్నారు!

మా నాయన మగ్గం మీద పడుగు అయిపోతే పాత పోగులన్నీ కోసి పారేసేవాడు కాదు. అచ్చులో ఉన్న పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటీ అతికేవాడు. మళ్లీ మొదటినుంచి అచ్చు నింపడం ఎంత పనో మగ్గం ఎరిగిన ఇళ్లకు చెప్పనక్కర్లేదు. బిల్డు క్యాష్ కూడా అంతే. డాకర్‌ఫైల్‌లో ఒక్కో మెట్టు ఒక్కో పొర. ఒక మెట్టు మారితే దాని కింద ఉన్నవన్నీ మళ్లీ కట్టాలి. మన ఫైల్‌లో కోడు మొత్తాన్ని మొదట్లోనే కాపీ చేస్తున్నాం. అందుకే ఉగాది ఆహ్వానంలో తేదీ మార్చినా ఫాంట్ల నుంచి లైబ్రరీల దాకా అన్నీ మళ్లీ దిగుతున్నాయి. ముందు ఫాంట్లు, తర్వాత లైబ్రరీల జాబితా, వాటిని ఎక్కించడం, చివరికి కోడు. వరస మారిస్తే చాలు.

మెషీన్ పోయినా క్యాష్ పోనక్కర్లేదు. దాన్ని రిజిస్ట్రీలో దాచి, మళ్లీ అక్కడినుంచే తెచ్చుకోవచ్చు. బిల్డాలో లేయర్స్ అనే ఆప్షన్ మనం అడిగితే తప్ప పొరలు దాచదు. అది మరిచి 'బిల్డా నెమ్మది' అన్నవాళ్లను చూశాను.

క్యాష్‌కు దోషం లేదనను. రన్ మెట్టులో అది ఆదేశం పాఠాన్ని చూస్తుంది గానీ, బయట ప్యాకేజీ కొత్తది వచ్చిందా అని చూడదు. అందుకే భద్రతా సవరణలు ఆగిపోవచ్చు. దానికి మందు వారానికోసారి క్యాష్ లేకుండా కట్టడం, రోజూ కాదు. ఇంకొకటి, క్యాష్‌లో రాసే హక్కు అందరికీ ఉంటే ఎవరో పెట్టిన చెడ్డ పొర మన మూటలో చేరవచ్చు. ముఖ్య శాఖ బిల్డుకే రాసే హక్కు ఇవ్వాలి, మిగతావి చదివితే చాలు.

కాబట్టి తీర్మానానికి నా సవరణ ఇది. ఒకటి, డాకర్ గ్రూపులోకి కొత్తగా ఎవరినీ చేర్చవద్దు. ఇప్పుడున్న నా పేరు కూడా తీసేయండి. రెండు, బిల్డులు వేరే మెషీన్‌లో, రూట్ లేకుండా, డీమన్ లేకుండా జరగాలి. సర్వర్ తయారైన ఇమేజ్‌ను తెచ్చుకుని నడిపితే చాలు. మూడు, క్యాష్ రిజిస్ట్రీలో ఉండాలి, వారానికోసారి శుభ్రమైన బిల్డు చేయాలి. నాలుగు, పాస్‌వర్డులు బిల్డ్ ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వడం ఇవాళే ఆపాలి. అవి ఇమేజ్ చరిత్రలో కనిపిస్తాయి.

ఇది మార్చడానికి పట్టే ఆదివారాలు నేను ఇస్తాను. నాతో కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇద్దరు చాలు. అభ్యంతరం ఉన్నవాళ్లు సమావేశంలో నా ముందే అడగండి, జవాబు చెబుతాను. కానీ ఆ ఒక్క వాక్యానికి చేయి ఎత్తే ముందు, ఆ సర్వర్‌లో మీ ఇంటి ఆడపిల్ల ఫోటో కూడా ఉందేమో ఒకసారి తలచుకోండి.