పార్సిలు వచ్చింది, వెనకాలే బిల్లూ వచ్చింది

పండగ దగ్గర పడుతోందంటే ఈ దేశంలో మన ఇళ్ళల్లో రెండు ఫోన్లు తప్పవు. మొదటిది అక్కడి నుంచి: "పార్సిలు పంపాం, చూసుకోండి". రెండోది ఇక్కడి నుంచి: "ఇంకెప్పుడూ ఏమీ పంపకండి, మేమే ఎదురు కట్టాల్సి వస్తోంది". ఈ రెండో ఫోను అందుకున్న పెద్దవాళ్ళ ముఖం మనకి కనబడదు గనక సరిపోయింది. నెలరోజులు బజార్లన్నీ తిరిగి, దర్జీ చుట్టూ తిరిగి, పోస్టాఫీసులో గంటసేపు నిలబడి పంపినవాళ్ళకి మనం చెప్పే మాట అదా? అందుకే ఈసారి మన శీర్షికలో కథలు పక్కన పెట్టి ఈ సుంకాల సంగతి తేల్చుకుందాం.

ముందుగా మనవాళ్ళు కలిపేసేవి రెండున్నాయి. కానుక వేరు, కొనుక్కున్న సరుకు వేరు. అమ్మమ్మ తన డబ్బుతో కొని మనవరాలి పుట్టినరోజుకి పంపితే కానుక. మీరు డబ్బు కట్టి విజయవాడ దుకాణం చేత తెప్పించుకుంటే, ఆ దుకాణంవాడు పెట్టె మీద "గిఫ్ట్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది కానుక కాదు. మనిషి మనిషికి, ఏదో ఒక సందర్భానికి, సొంత వాడకానికి పంపినదే కానుకగా లెక్క.

కానుక విలువ 39 పౌండ్ల లోపు ఉంటే సుంకమూ లేదు, వ్యాట్ కూడా లేదు. 39 దాటితే వ్యాట్ పడుతుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. 60 పౌండ్ల కానుకకి 39 పైనున్న 21 మీద కాదు, మొత్తం 60 మీద 20 శాతం, అంటే 12 పౌండ్లు. 135 దాటితే దానికి తోడు కస్టమ్స్ సుంకం. 630 దాకా కానుకలకి అది సాధారణంగా 2.5 శాతమే గనక ఏడవనక్కర లేదు.

మనవాళ్ళకి బాగా పనికొచ్చే నియమం ఒకటుంది, ఎందుకో దాన్ని ఎవరూ వాడుకోరు. ఒకే పెట్టెలో నలుగురికి నాలుగు కానుకలు పంపవచ్చు. ఒక్కొక్కదాన్నీ విడిగా చుట్టి, కస్టమ్స్ ఫారంలో ఒక్కొక్కదాని విలువా విడిగా రాసి, అవి వేరువేరు మనుషులకని చూపిస్తే, ప్రతి కానుకకీ 39 పౌండ్ల మినహాయింపు వర్తిస్తుంది. అన్నీ ఒకే మూట కట్టి "బట్టలు, 120 పౌండ్లు" అని రాస్తే ఒక్కదానికే లెక్క. తాతగారికి ఈ ఒక్క ముక్క ఫోనులో చెబితే చాలు, కవర్లు ఆయనే కొంటారు.

ఇక కొనుక్కునే సరుకు. 2021 జనవరి 1కి ముందు 15 పౌండ్ల లోపు సరుక్కి వ్యాట్ ఉండేది కాదు. ఆ రోజుతో అది పోయింది. 135 లోపైతే అమ్మేవాడే వ్యాట్ వసూలు చేసి ఇక్కడి ప్రభుత్వానికి కట్టాలి. ఆ 135 కూడా వస్తువుకొకటి కాదు, పార్సిలు మొత్తానికి. దాటితే అసలు కథ మొదలు. 200 పౌండ్ల షేర్వాణీ, 30 పౌండ్ల రవాణా అనుకోండి. సుంకం 12 శాతం అనుకుంటే, అది 200 మీద కాదు, 230 మీద: 27 పౌండ్ల 60 పెన్సులు. వ్యాట్ ఆ సుంకాన్ని కూడా కలుపుకొని 257.60 మీద: 51.52. సుంకం మీద కూడా పన్నేమిటని మా ఇంట్లో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే, జవాబు మాత్రం నా దగ్గర లేదు. దీని మీద తెచ్చిచ్చినవాడి "హ్యాండ్లింగ్" రుసుము. ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క రేటు. పోయిన ఏడాది మాకొచ్చిన ఒక పెట్టెకి పన్ను కంటే ఈ రుసుమే ఎక్కువ.

భారత్, బ్రిటన్ 2025 జూలై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి కదా, ఇక అన్నీ ఉచితమేనని కొందరు సంబరపడ్డారు. అలాంటి ఒప్పందాలు తగ్గించేది సుంకాన్ని, అదీ సరుకు అక్కడే తయారైందన్న ఆధారం ఉంటే. వ్యాట్‌కీ, హ్యాండ్లింగ్‌కీ దానితో సంబంధం లేదు.

మరి విలువ తగ్గించి రాయిస్తే? చాలామంది చేస్తున్న పనే గనక మొహమాటం లేకుండా చెబుతాను. అబద్ధపు విలువ రాసిన పార్సిల్ని కస్టమ్స్ వారు పట్టుకుని ఉంచేసుకోవచ్చు. ఇంకొక చిక్కు, పెళ్ళి పట్టుచీరని "20 పౌండ్లు" అని రాయించాక అది దారిలో పోతే, నష్టపరిహారం కూడా ఆ 20 చుట్టూనే తిరుగుతుంది. చీర పోయిన బాధకి అది అదనం.

కాస్త మంచి కబురు కూడా ఉంది. అచ్చయిన పుస్తకాలకి వ్యాట్ లేదు, కాబట్టి తెలుగు పుస్తకాలు ధైర్యంగా తెప్పించుకోండి. కాలెండర్లు మాత్రం పుస్తకాల కింద రావు. చిన్నపిల్లల బట్టలకీ వ్యాట్ లేదు; ఫారంలో ఉత్త "బట్టలు" అని కాకుండా "ఆరేళ్ళ పాపకి పరికిణీ" అని రాయమనండి. పాలకోవా, నెయ్యి మాత్రం వద్దనండి, పాల పదార్థాలకి అనుమతి లేదు. పన్ను కడతామన్నా లోపలికి రానివ్వరు.

పన్ను ఎక్కువ వేశారనిపిస్తే ముందు కట్టి పెట్టె తీసుకుని, తర్వాత వాపసు అడగవచ్చు. పోస్టులో వచ్చినదానికి బి.ఓ.ఆర్. 286 అనే ఫారం ఉంది. పెట్టె మీది కస్టమ్స్ చీటీ చింపి పారేయకండి, ఫారంతో పాటు అదీ కావాలి. మామూలుగా పార్సిల్ని 3 వారాలు ఉంచుతారు, ఆ లోపల కట్టకపోతే వెనక్కి పంపేస్తారు. మీ సెల్‌ఫోనుకి "పార్సిలు ఆగింది, 1.99 పౌండ్లు కట్టండి" అని వచ్చే సందేశాల్లో మాత్రం వేలు పెట్టకండి. వాటిని 7726కి పంపి, మీ పార్సిలు నంబరు మీరే స్వయంగా చూసుకోండి. ఊరి నుంచి పెట్టె బయలుదేరగానే ఆ నంబరు చదివి చెప్పమని పెద్దవాళ్ళని అడిగి, గోడ మీది కాలెండర్లో రాసిపెట్టుకోండి.