తుపాకి మందు నేర్పే పాఠం: బయోచార్ ప్రయోగాలలో బొగ్గు వివరం తప్పనిసరి

సంప్రదాయ తుపాకి మందులో ఉండే పదార్థాలు మూడే: సురేకారం, గంధకం, బొగ్గు. వీటిలో సురేకారం మన రైతులకు కొత్తది కాదు. పొటాషియం నైట్రేట్ పేరుతో, 13-0-45 గా పత్తి, మిరప పైర్లపై పిచికారీ చేస్తున్న ఎరువు అదే. గంధకం తెగుళ్ల నివారణకూ, నూనెగింజల పంటల పోషణకూ ఎంతో కాలంగా వాడుకలో ఉన్నది. మూడవదైన బొగ్గును నేలకు అందించే పద్ధతికి ఇప్పుడు బయోచార్ అని పేరు పెట్టుకున్నాము. అయితే ఈ మూడవ పదార్థం విషయంలో తుపాకి మందు తయారీదారులు శతాబ్దాలుగా చూపుతున్న శ్రద్ధను సస్యశాస్త్రజ్ఞులమైన మనం చూపడం లేదు. ఈ లోపం మన ప్రయోగ ఫలితాల విశ్వసనీయతనే దెబ్బతీస్తున్నదని నా అభిప్రాయం.

గొట్టం మూతి నుండి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకులతో వేటాడేవారు, గురి పోటీలలో పాల్గొనేవారు అమెరికాలో నేటికీ ఉన్నారు. అక్కడి అనేక రాష్ట్రాలలో ఈ తుపాకులకు ప్రత్యేకమైన వేట కాలం కూడా నిర్ణయించి ఉన్నది. ఏ కంపెనీ మందు మేలైనదనే చర్చ వారి మధ్య ఎన్నటికీ తెగదు. ఆ చర్చలో తరచుగా వినవచ్చే పేర్లు మూడు. మొదటిది గోయెక్స్. 1912లో డ్యూపాంట్ సంస్థ పెన్సిల్వేనియాలోని మూసిక్ వద్ద ప్రారంభించిన కర్మాగారం దీనికి మూలం. తరువాత తయారీ లూసియానాకు మారింది. 2021లో ఉత్పత్తి నిలిపివేస్తున్నట్లు ప్రకటన వెలువడగా, 2022లో మరొక సంస్థ దానిని కొనుగోలు చేసింది. రెండవది స్విట్జర్లాండులోని ఓబోన్‌లో తయారయ్యే స్విస్ మందు. మూడవది జర్మనీ నుండి వచ్చే షుట్జెన్.

స్విస్ మందు అదే కొలతకు గుండును ఎక్కువ వేగంతో పంపుతుందని, గొట్టంలో మిగిలే మసి మెత్తగా ఉండి సులువుగా తుడుచుకుపోతుందని వాడుకరులు చెబుతారు. గోయెక్స్ వేగం కొంత తక్కువ, మసి కొంత గట్టిది అంటారు. షుట్జెన్‌ను ఈ రెండింటికీ నడుమ నిలుపుతారు. మసి చిన్న విషయం కాదు. తుపాకి మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువు కాక ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో తేమను పీల్చే పొటాషియం కార్బొనేట్ ముఖ్యమైన భాగం. అది గొట్టంలో గట్టిపడితే తరువాతి గుండును కూరడమే కష్టమవుతుంది.

మూడింటిలోనూ ఉన్న పదార్థాలు అవే, పాళ్లు కూడా దాదాపు అవే. మరి తేడా ఎక్కడ నుండి వస్తున్నది? నూరడం, అదమడం, గుళికలుగా చేయడం వంటి పనులలోని నాణ్యత ఒక కారణం. రెండవ కారణం బొగ్గు. స్విస్ మందుకు ఆల్డర్ బక్‌థార్న్ అనే పొదజాతి చెట్టు బొగ్గు వాడతారు. గోయెక్స్‌కు మేపుల్ కలప బొగ్గు వాడతారని ప్రసిద్ధి. సురేకారాన్నీ గంధకాన్నీ శుద్ధి చేస్తే ఎక్కడిదైనా ఒకటే. బొగ్గు అటువంటిది కాదు. అది ఏ చెట్టుదో, ఎంత వేడిలో కాలిందో ఆ చరిత్ర అంతా దానిలోనే మిగిలి ఉంటుంది.

ఈ పోలికలలో మరొక మెళకువ కూడా ఉన్నది. ఈ తుపాకులలో మందును తూచి కాక, చిన్న కొలపాత్రతో కొలిచి పోయడం ఆనవాయితీ. స్విస్ మందు సాంద్రత ఎక్కువ. కనుక అదే కొలపాత్రలో దాని బరువు ఎక్కువగా పడుతుంది. గుళిక సన్నగా ఉన్నకొద్దీ మందు త్వరగా కాలుతుంది. కాబట్టి గుళిక పరిమాణం ఒకటే కానప్పుడు, బరువు సమానం కానప్పుడు చేసిన పోలికలో కంపెనీ గుణమెంతో, కొలత దోషమెంతో చెప్పలేము. అనుభవజ్ఞులు ముందుగా అడిగేది ఈ రెండు ప్రశ్నలనే. ఎరువుల ప్రయోగంలో నత్రజని మోతాదు సమానం చేయకుండా యూరియానూ, అమ్మోనియం సల్ఫేటునూ పోల్చితే మనం అంగీకరిస్తామా?

బొగ్గు ప్రాధాన్యం ఈనాడు తెలిసినది కాదు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో రసాయన శాస్త్రవేత్త, బిషప్ అయిన రిచర్డ్ వాట్సన్ కలపను ఆరుబయట బట్టీలలో కాక మూసిన ఇనుప పాత్రలలో కాల్చాలని సూచించారు. ఆ విధంగా చేసిన సిలిండర్ బొగ్గుతో మందు శక్తి పెరిగింది, గుణం నిలకడగా వచ్చింది. 1880లలో పెద్ద ఫిరంగులకు నెమ్మదిగా కాలే మందు కావలసి వచ్చినప్పుడు, రై పంట గడ్డిని తక్కువ వేడిలో సగం మాత్రమే కాల్చి గోధుమరంగు బొగ్గు తయారు చేశారు. ముడిసరుకును, కాల్చే వేడిని మార్చడం ద్వారా బొగ్గు గుణాన్ని అవసరానికి తగినట్లు మలచుకోవచ్చునని ఆ పంట గడ్డి నిరూపించింది. మన దేశంలో తుపాకి మందుకు కంది కట్టె బొగ్గు వాడేవారని 19వ శతాబ్దపు గ్రంథాలలో నమోదై ఉన్నది.

అదే కంది కట్టెను, పత్తి కట్టెను, మొక్కజొన్న చొప్పను ఇప్పుడు బయోచార్‌గా మార్చమని మనం రైతులకు చెబుతున్నాము. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఇందుకు తగిన చిన్న బట్టీని కూడా రూపొందించింది. పొలంలోనే కట్టెను తగులబెట్టడం కంటే ఇది ఎంతో మేలు. అయితే మన ప్రయోగ నివేదికలలో చాలావాటిలో ట్రీట్‌మెంట్ పేరు "బయోచార్, హెక్టారుకు 5 టన్నులు" అన్న ఒక్క మాటతో ముగుస్తున్నది. ఏ కట్టె? ఎంత వేడి? తేమ ఎంత?

ఈ తప్పు నేను కూడా చేశాను. నా పర్యవేక్షణలో జరిగిన ఒక పరిశోధనలో మొదటి సంవత్సరం పత్తి కట్టెను డ్రమ్ములో కాల్చి వాడాము. రెండవ సంవత్సరం సమయానికి కట్టె దొరకక, వ్యాపారి వద్ద సర్కారు తుమ్మ బొగ్గు కొని పొడి చేయించి అదే మళ్లలో వేశాము. నివేదికలో రెండింటికీ ఒకే పేరు పెట్టాము. రెండు సంవత్సరాల దిగుబడులు పొంతన లేకుండా వచ్చినప్పుడు ఆ తేడాను వర్షపాతానికి అంటగట్టి సగటు తీశాము. పరీక్షకులలో ఎవరూ ప్రశ్నించలేదు. ఆ సగటు దేనికి సగటో ఈనాటికీ నేను చెప్పలేను.

ఇది కేవలం నివేదికకు సంబంధించిన సమస్య కాదు. కాల్చే వేడి పెరిగినకొద్దీ సాధారణంగా బొగ్గులో బూడిద శాతమూ, ఉదజని సూచికా పెరుగుతాయి. గడ్డి, చొప్ప బొగ్గులో కలప బొగ్గు కంటే బూడిద ఎక్కువ. ఆమ్ల గుణమున్న ఎర్ర నేలకు మేలు చేసే బొగ్గే, అసలే క్షారత ఉన్న నల్లరేగడిలో జింకు, ఇనుము లభ్యతను తగ్గించవచ్చును. సరిగా కాలని బొగ్గులో సులువుగా కుళ్లే కర్బనం మిగిలి ఉండి, పైరుకు అందవలసిన నత్రజనిని కొంతకాలం సూక్ష్మజీవుల పాలు చేయవచ్చును. కూలి ఖర్చు భరించి, కట్టె సేకరించి, కాల్చి, పొలానికి మోసిన రైతుకు మన సిఫారసు వల్ల నష్టం వస్తే ఆ బాధ్యత ఎవరిది?

కావున బయోచార్‌పై వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఈ వివరాలు తప్పనిసరి చేయాలని కోరుతున్నాను: ముడిసరుకు పేరు, కాల్చిన పద్ధతి, వేడి, సమయం, బూడిద శాతం, ఉదజని సూచిక, తేమ తీసివేసి లెక్కించిన మోతాదు. ఇవి లేని వ్యాసాన్ని సంపాదకవర్గం తిప్పి పంపాలి. సిఫారసు కూడా నేల రకాన్ని బట్టి వేరువేరుగా ఉండాలి.

రైతు తన బట్టీలో వేడిని కొలవలేడు కదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. రైతు కొలవలేడు గనుకనే పరిశోధన కేంద్రంలో మనం కొలవాలి. ఏ కట్టెను ఏ బట్టీలో ఎంతసేపు కాలిస్తే ఎటువంటి బొగ్గు వస్తుందో ముందుగా తేల్చి, కట్టె పేరు, గడియారపు సమయం మాత్రమే రైతుకు చెప్పాలి. బండ్ల లెక్కన కాక, ఎండిన బొగ్గు బరువు లెక్కన మోతాదు చెప్పాలి.

గుండు వేగంలో కొద్దిపాటి తేడా కోసం వేటగాడు బొగ్గు ఏ చెట్టుదని అడుగుతున్నాడు. రైతు ఏడాది పంటను పణంగా పెట్టించే మనం ఆ మాత్రమైనా అడగవలదా?